ఒంటి లోపలి రాత

స్త్రీల ఆరోగ్య ఉద్యమ చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం మామూలుగా గర్భసంచి దగ్గర మొదలుపెడతాం. అది సహజమే. 1970లో బోస్టన్‌లో కొందరు ఆడవాళ్లు న్యూస్‌ప్రింట్ మీద అచ్చు వేయించి 75 సెంట్లకి అమ్మిన 193 పేజీల పుస్తకమే తరవాత ‘అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్’ అయింది. 1990ల మొదట్లో మన హైదరాబాద్ స్త్రీవాదులు ‘సవాలక్ష సందేహాలు’ తెచ్చారు. రెండిటి వెనకా ఉన్న పట్టుదల ఒకటే: నా ఒంటి గురించి డాక్టరుకి తెలిసింది నాకూ తెలియాలి. ఆ పట్టుదలని ఇంకో చోటికి తీసుకెళ్లాలని ఈ వ్యాసం. ఒంటి లోపల కంపెనీలు పెట్టిన రాత దగ్గరికి. పేస్‌మేకర్లో, డీఫిబ్రిలేటర్లో, ఇన్సులిన్ పంపులో నడుస్తూ ఉండే ప్రోగ్రాము దగ్గరికి. అది ఎవరి సొత్తు? దాన్ని చదివే హక్కు ఎవరికుంది?

ఇదంతా ఇంజనీర్ల గొడవ, సాహిత్యం వాళ్లకెందుకు అని ఒక మిత్రురాలు అడిగింది. నాకు దొరికిన జవాబు పాత కేసుల్లో ఉంది. 1985 జూన్‌లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, మారియెట్టా అనే ఊళ్లో 61 ఏళ్ల స్త్రీ రేడియేషన్ చికిత్సకి వెళ్లింది. రొమ్ములో గడ్డ తీసేశాక మామూలుగా చేసే చికిత్సే. యంత్రం పేరు థెరాక్-25. కెనడా ప్రభుత్వ అణుశక్తి సంస్థ తయారు చేసింది. యంత్రం పనిచెయ్యగానే ఆమెకి భరించలేని వేడి తగిలింది. నన్ను కాల్చేశారు అని అక్కడికక్కడే చెప్పింది. అలా జరిగే వీలే లేదన్నారు. తయారుచేసిన వాళ్లని అడిగితే వాళ్లూ అదే మాట. చివరికి ఆమె రొమ్ము తీసెయ్యాల్సి వచ్చింది, చెయ్యి పడిపోయింది. 1987 జనవరి లోపు అదే రకం యంత్రాలతో మొత్తం ఆరు ప్రమాదాలు జరిగాయి. కనీసం ముగ్గురు చనిపోయారు.

ఆ ప్రమాదాల మీద నాన్సీ లెవిసన్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞురాలు క్లార్క్ టర్నర్‌తో కలిసి 1993లో రాసిన పరిశోధన చదవండి. సాంకేతిక వ్యాసమే గానీ అపరాధ పరిశోధన నవల చదివినట్టుంటుంది. ఆ ప్రోగ్రాము రాసింది ఒకే ఒక్క మనిషి. దానికి సరైన రాతకోతలు లేవు. పాత థెరాక్-20 యంత్రంలోనూ కొన్ని తప్పులు ఉన్నాయి గానీ, ప్రమాదం రాకుండా అడ్డుపడే విడి పరికరాలు అందులో ఉండేవి. సాఫ్ట్‌వేర్ ఉంది కదా, ఇంకా అవెందుకని కొత్త యంత్రంలో తీసేశారు. సాఫ్ట్‌వేర్ మీద అంత గుడ్డి నమ్మకం! ఒళ్లు కాలిన మనిషి మాట మీద మాత్రం నమ్మకం లేదు. తలుపులు మూసిన గదిలో ఏం జరుగుతోందో చెప్పే అధికారం గది యజమానిదే అయినప్పుడు, లోపల దెబ్బలు తిన్న మనిషి సాక్ష్యానికి విలువుండదు. మన ఇళ్ల విషయంలో ఈ సంగతి మనకి బాగానే తెలుసు.

ఇక కరెన్ శాండ్లర్. ఆమె ఇంజనీరింగ్ చదివి లాయరైంది. పుట్టుకతోనే గుండె కండరం మందంగా ఉందని, ఏ క్షణమైనా హఠాత్తుగా ఆగిపోవచ్చని 31వ ఏట తెలిసింది. డీఫిబ్రిలేటర్ పెట్టించుకోమన్నారు. గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు విద్యుత్ షాక్ ఇచ్చి దారిలో పెట్టే పరికరం అది. ఆమె అడిగిన ప్రశ్న చాలా చిన్నది. ఇందులో ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది? డాక్టర్లకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు, దాని గురించి వాళ్లెప్పుడూ ఆలోచించలేదు. తయారీ కంపెనీలకి ఫోన్లు చేసింది. సోర్స్ కోడ్ చూపించండి, బయట పెట్టనని సంతకం చేసి ఇస్తాను అంది. కుదరదన్నారు. ప్రాణభయం ఉంది కనక చివరికి ఆ పరికరమే పెట్టించుకుంది. అయితే రేడియో ద్వారా మాట్లాడని పాత రకాన్ని వెతికి మరీ పెట్టించుకుంది.

2010లో ఆమె, తను పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ తరఫున, ‘కిల్డ్ బై కోడ్’ అనే నివేదిక రాసింది సహ రచయితలతో. అందులో నన్ను కలవరపెట్టిన సంగతి, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డిఎ కూడా మామూలుగా ఆ కోడ్‌ని చదవదన్నది. కంపెనీ మేము పరీక్షించాం అని ఇచ్చిన కాగితాలు చూస్తుంది. అంటే రోగి చదవదు, డాక్టరు చదవడు, ప్రభుత్వమూ చదవదు. 2008లో అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇలాంటి ఒక డీఫిబ్రిలేటర్‌ని బయటినుంచి రేడియోతో లొంగదీసుకోవచ్చని చేసి చూపించారు. కోడ్ దాచిపెడితే భద్రత అనే వాదనకి అది సరిపోయే జవాబు.

తరవాత శాండ్లర్ గర్భవతి అయింది. గర్భిణులకి గుండె దడ మామూలు. పరికరానికి ఆ సంగతి తెలియదు. దడని ప్రమాదమనుకుని ఆమెకి షాకులు కొట్టింది. బిడ్డని మోస్తున్న, ఏ జబ్బూ ముదరని మనిషికి! దానికి చెప్పి చూసే మార్గం లేదు కనక, గుండె వేగం తగ్గించే మందులు వాడుకుంటూ నెలలు నెట్టింది. ఈ పరికరాలు పెట్టించుకునే వాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన మగవాళ్లు. కోడ్ రాసిన వాళ్ల ఊహలోని రోగి కూడా ఆయనే. 1980లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో ఈ పరికరాన్ని మొట్టమొదట ఒంట్లో పెట్టించుకున్నది ఒక స్త్రీ అన్న సంగతి ఇక్కడ గుర్తు చేస్తే ఎత్తిపొడుపు అనుకోకండి.

నార్వేకి చెందిన మేరీ మో అనే కంప్యూటర్ భద్రతా పరిశోధకురాలి కథా దగ్గరదగ్గరగా ఇదే. ఆమెది పేస్‌మేకర్. లండన్‌లో మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. గుండె వేగం ఒక హద్దు దాటగానే యంత్రం దాన్ని సగానికి దించేసింది. ఆ హద్దు ముసలివాళ్లకి పెట్టినది. పైగా డాక్టరు దగ్గరున్న యంత్రం తెరమీద చూపించే లెక్క ఒకటి, ఒంట్లో నడుస్తున్న లెక్క ఇంకొకటి. సాఫ్ట్‌వేర్ తప్పు.

పరికరం తప్పు చేస్తే కోర్టుకి పోవచ్చు కదా అంటారా? ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా చేదుగా అనిపించిన ముక్క అదే. 1971 నుంచి 1974 దాకా అమెరికాలో ‘డాల్కన్ షీల్డ్’ అనే లూప్ అమ్మారు. దాని తోక దారం చాలా పోగులు పేనినది. ఆ పోగుల సందుల్లోంచి క్రిములు గర్భాశయంలోకి ఎగబాకేవి. ఎంతోమందికి గర్భసంచి పాడైంది, పిల్లలు పుట్టకుండా పోయారు, కొందరు చనిపోయారు. ఆ గగ్గోలు ఫలితంగానే 1976లో వైద్య పరికరాల మీద చట్టం వచ్చింది. అమ్మేముందు ఎఫ్‌డిఎ అనుమతి తీసుకోవాలన్నారు. సరే, ఆడవాళ్ల గర్భసంచుల మీద కట్టిన ఆ చట్టానికి 2008లో ఏమైందో చూడండి. రీగల్ వర్సెస్ మెడ్‌ట్రానిక్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం: ఎఫ్‌డిఎ కట్టుదిట్టంగా పరిశీలించి ముందస్తు అనుమతి ఇచ్చిన పరికరం వల్ల హాని జరిగితే, డిజైను తప్పని రాష్ట్ర చట్టాల కింద నష్టపరిహారం అడగడానికి వీల్లేదు. ఎనిమిది మంది ఒక వైపు. రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఒక్కతే ఇంకో వైపు. అప్పటికి ఆ బెంచీ మీద ఉన్న ఒకే ఒక్క స్త్రీ. డాల్కన్ షీల్డ్ బాధితులు కోర్టులకెక్కిన సంగతి తెలిసే చట్టసభ ఈ చట్టం చేసింది, వాళ్ల దారి మూసెయ్యడానికి కాదు అన్నది ఆవిడ వాదన. ఎవరు విన్నారు? ఇప్పుడు ఈ రెండూ కలిపి చూడండి. ఎఫ్‌డిఎ కోడ్ చదవదు. ఎఫ్‌డిఎ అనుమతించింది కనక కోర్టు వినదు. శాండ్లర్ సోర్స్ కోడ్ అడగడం కంప్యూటర్ మోజు కాదని ఇక్కడ తెలుస్తుంది.

పేటెంట్ గురించి కొంచెం. ఆ మాటకి లాటిన్ మూలంలో అర్థం ‘తెరిచి ఉంచినది’. నీకు తెలిసిన కిటుకు లోకానికి విప్పి చెప్పు, అందుకు బదులుగా ఇరవై ఏళ్లు నీకే హక్కు. పేటెంట్ వెనక ఉన్న బేరం ఇది. సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి బేరంలో ఒక వైపే మిగిలింది. 1997లో ఎమ్మారై యంత్రాల మీద ఫోనార్ అనే కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌తో పోరాడిన కేసులో అమెరికా అప్పీలు కోర్టు ఏమందంటే, సాఫ్ట్‌వేర్ చేసే పని ఏమిటో చెబితే చాలు, కోడ్ బయటపెట్టక్కర్లేదని. దాంతో పేటెంటూ దక్కింది, రహస్యమూ దక్కింది, కాపీరైట్ ఎలాగూ ఉంది. ఒకే తలుపుకి మూడు తాళాలు. మన దేశంలో పేటెంట్ చట్టానికి 2002లో చేసిన సవరణ, కంప్యూటర్ ప్రోగ్రాముకి దానికదిగా పేటెంట్ ఇవ్వకూడదంది. 3(కె) సెక్షన్ అది. 2004 డిసెంబర్‌లో ఆర్డినెన్సు ద్వారా దాన్ని సడలించబోయారు, 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో పత్రికలన్నీ మందుల పేటెంట్ల చర్చతోనే నిండిపోయాయి. మందుబిళ్ల కళ్లకి కనిపిస్తుంది మరి, కోడ్ కనిపించదు.

మా అక్కకి 2016లో పేస్‌మేకర్ పెట్టారు. ఆస్పత్రి పేరెందుకు గానీ పెద్దదే. ఇంటికి పంపించే రోజు ఒక కార్డు ఇచ్చారు. మోడల్ నెంబరు, సీరియల్ నెంబరు, పెట్టిన తేదీ. ఇందులో ప్రోగ్రాము ఏ వెర్షన్, దాన్ని మారిస్తే మాకు చెబుతారా అని అడిగాను. డాక్టరుగారు కార్డు వైపు కాకుండా నా వైపు చూసి, “మీరు టీచరా అమ్మా?” అన్నారు. అవునన్నాను. నవ్వి తరవాతి మంచం దగ్గరికి వెళ్లిపోయారు. అక్క నా చెయ్యి పట్టి లాగి, “నీకెందుకే ఇవన్నీ, కొట్టుకుంటోందిగా” అంది. కొట్టుకుంటోంది. దాన్ని కాదనను. ఆ కంపెనీ ఇంజనీర్లు లేకపోతే అక్క లేదు. అందుకే ఈ వ్యాసంలో కంపెనీ సరుకంతా విషం, తెరిచిన కోడ్ అంతా అమృతం అని రాయలేను. డానా లూయిస్ కథ చెప్పేది కూడా అది కాదు.

లూయిస్‌కి పద్నాలుగో ఏట టైప్-1 షుగరు వచ్చింది. సియాటిల్‌లో ఒంటరిగా ఉండేది. ఒంటికి అతికించుకునే గ్లూకోజ్ సెన్సరు, రాత్రి చక్కెర పడిపోతే అలారం మోగిస్తుంది. ఆ మోతకి ఆమెకి మెలకువ రాదు. నిద్రలోనే పోతానేమోనని భయం. అలారం మోత పెంచమని కంపెనీకి చెప్పుకుంది, ఫలితం లేదు. తన ఒంట్లోంచి వచ్చిన అంకెలు తన కంప్యూటర్‌లోకి రావు. 2013లో ఒక పిల్లవాడి తండ్రి జాన్ కాస్టిక్ ఆ అంకెల్ని పరికరంలోంచి బయటికి తియ్యడం ఎలాగో కనిపెట్టి నలుగురికీ పంచాడు. దాంతో లూయిస్, ఆమె సహచరుడు స్కాట్ లీబ్రాండ్ కలిసి మొదట గట్టి అలారం చేసుకున్నారు. మరి కొన్నాళ్లకి ముందుముందు చక్కెర ఎలా మారబోతోందో లెక్కకట్టే ప్రోగ్రాము రాసుకున్నారు. 2014 డిసెంబర్‌కి ఆ ప్రోగ్రామే ఇన్సులిన్ పంపుని నడపడం మొదలుపెట్టింది. 2015లో దాన్ని ‘ఓపెన్ ఏపీఎస్’ పేరుతో లోకానికి విడిచిపెట్టారు. కంపెనీల నుంచి మొట్టమొదటి ఇలాంటి వ్యవస్థకి ఎఫ్‌డిఎ అనుమతి వచ్చింది 2016 సెప్టెంబర్‌లో.

ఇందులో తెరిచింది ఏది, మూసింది ఏది అని విడదీయబోతే చెయ్యి ఆడదు. సెన్సరు కంపెనీది. పంపు కంపెనీది. మధ్యలో లెక్క కట్టే బుర్ర మాత్రం అందరిదీ. ఆ పంపు ఎందుకు మాట విందనుకున్నారు? పాత మెడ్‌ట్రానిక్ పంపుల్లో భద్రతా లోపం ఉంది, బయటి నుంచి రేడియోతో ఆజ్ఞ ఇస్తే పాటిస్తాయి. 2011లో జే రాడ్‌క్లిఫ్ అనే షుగరు రోగి తన పంపు మీదే ఆ లోపాన్ని బహిరంగంగా చూపించాడు. కొత్త పంపుల్లో ఆ కంత మూసుకుపోవడంతో, రోగులు పాత పంపుల కోసం వెతుక్కునేవారు. 2019 జూన్‌లో ఆ లోపం కారణంగానే కంపెనీ వాటిని వెనక్కి పిలిచింది. కంపెనీకి లోపమైన కంత వాళ్లకి ఊపిరి పీల్చుకునే కిటికీ.

ఇంకో చిక్కు. పరికరం తయారుచేసి అమ్మితే ఎఫ్‌డిఎ పట్టుకుంటుంది. అందుకని లూయిస్ బృందం ఎవరికీ చేసి ఇవ్వలేదు. ఎలా చెయ్యాలో రాసిపెట్టింది, ఎవరిది వాళ్లు చేసుకోవాలి. ఆవకాయ కొలతలు చెప్పి జాడీ చేతికివ్వకపోవడం లాంటిది. కానీ అందరి ఇంట్లోనూ మామిడికాయలుండవు. ఖరీదైన సెన్సరు, పంపు, కంప్యూటర్ భాష, ఇంగ్లీషు, తీరిక ఉన్నవాళ్లకే ఆ స్వేచ్ఛ. రోజుకి రెండు ఇంజెక్షన్లకే అప్పుచేసే కుటుంబంలోని ఆడపిల్లకి ఓపెన్ ఏపీఎస్ అందనిదే. దీన్ని చెప్పకుండా స్వేచ్ఛ అనే మాట వాడడం నాకిష్టం లేదు.

అయినా జరిగిన మార్పు చిన్నది కాదు. రోగులు సొంతంగా చేసుకున్నది ప్రమాదమని మొదట్లో గుసగుసలాడిన వైద్యలోకం 2022లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక అధ్యయనం చదివింది. మెర్సిడెస్ బర్న్‌సైడ్ మొదటి రచయిత్రి, లూయిస్ కూడా రచయితల్లో ఒకతె. న్యూజిలాండ్‌లో పిల్లలూ పెద్దలూ కలిపి 97 మంది మీద చేశారు. తెరిచిన కోడ్‌తో నడిచే వ్యవస్థ వాడినవాళ్లకి చక్కెర సరైన హద్దుల్లో ఉన్న సమయం 71.2 శాతం, వాడనివాళ్లకి 54.5 శాతం. 2023 జనవరిలో ఈ రోగుల ఉద్యమం నుంచే పుట్టిన టైడ్‌పూల్ లూప్‌కి ఎఫ్‌డిఎ అనుమతి వచ్చింది. ఇది జరిగే లోపలే ఎఫ్‌డిఎ ఒక కంపెనీ సెన్సరు ఇంకో కంపెనీ పంపుతో మాట్లాడేలా కొత్త తరగతులు ఏర్పరచింది. 2015లో అమెరికా కాపీరైట్ అధికారులు, ఒంట్లో పెట్టిన పరికరాల నుంచి రోగి తన సమాచారం తను తీసుకుంటే డిజిటల్ తాళం పగలగొట్టిన నేరం కాదని మినహాయింపు ఇచ్చారు. అది అడిగిన నలుగురిలో శాండ్లర్ ఒకరు, రాడ్‌క్లిఫ్ ఒకరు.

‘ఓపెన్ సోర్స్’ అన్న మాట పుట్టించింది క్రిస్టీన్ పీటర్సన్, 1998 ఫిబ్రవరిలో. ఆ మాట మీద పేరు తెచ్చుకున్న వాళ్లు మాత్రం మగవాళ్లే. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది, చాకిరీ సంగతి. 2014లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడినప్పుడు, ప్రపంచంలో సగం రహస్యాలు కాపాడుతున్న ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే తెరిచిన ప్రోగ్రాముని పూర్తికాలం చూసుకునేది దాదాపు ఒక్క మనిషేనని, ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్లని తెలిసింది. అదే ఏడాది అమెరికాలో ఒక పెద్ద ఆస్పత్రుల గొలుసు నుంచి 45 లక్షల మంది రోగుల వివరాలు పోయాయి. దొంగలు దూరింది ఈ లోపంలోంచేనని భద్రతా నిపుణులు చెప్పారు. తెరిచి ఉన్న పుస్తకమైనా ఎవరో ఒకరు కూర్చుని చదవాలి, చిరుగులు కుట్టాలి. కంపెనీలు ఆ కుట్టుపనిని ఉచితంగా వాడుకుని పైన తమ తాళం వేసుకుంటాయి. ఇంట్లో వంట చేసే మనిషికీ బయట హోటలు పెట్టిన మనిషికీ మధ్య ఉన్న లెక్కే ఇది.

ఇదంతా అమెరికా కథే అనుకోవడానికి వీల్లేదు. 2020లో మెడ్‌ట్రానిక్ తన హైదరాబాద్ ఇంజనీరింగ్ కేంద్రాన్ని 1,200 కోట్ల రూపాయలతో విస్తరిస్తానని ప్రకటించింది. మరెక్కడి గుండెల్లోనో నడిచే కోడ్‌లో కొంత మన పిల్లల చేతి మీదుగానే పోతోంది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం వైద్య పరికరాలన్నిటినీ, వాటితోపాటు చికిత్సకి వాడే సాఫ్ట్‌వేర్‌ని కూడా, ఔషధాల చట్టం కిందికి తెచ్చింది. చట్టం దృష్టిలో కోడ్ కూడా మందే. పారాసిటమాల్ స్ట్రిప్పు వెనక ఏం కలిపారో, ఎంత కలిపారో అచ్చువేసి ఉంటుంది. మా అక్క కార్డు మీద లేదు.

నా దగ్గర డిగ్రీ చదివిన ఒకమ్మాయి వేరే చిన్న కంపెనీలో ఇలాంటి పరికరాలకి టెస్టింగ్ చేస్తుంది. ఏ పరికరమో చెప్పకూడదని సంతకం పెట్టింది, నేనూ అడగలేదు. ఒకటే అడిగాను: మీరు పరీక్షించేటప్పుడు రోగి వయసు, బరువు, గుండె వేగం ఎవరు నిర్ణయిస్తారు? “స్పెసిఫికేషన్లో వస్తాయి మేడమ్, మేము మార్చం” అంది. అందులో గర్భిణి ఉందా అన్నాను. చూసి చెబుతానంది. వారం తరవాత ఫోన్ చేసి, అది కూడా చెప్పకూడని వాటిల్లోనే ఉందట మేడమ్, అంది.